మూడు ఓబోళ్ళ కోసం కొండెక్కినవాళ్ళు

ప్రాచీన ఏథెన్స్‌లో సామాన్యులు చిల్లర డబ్బులు నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు. ఓబోలు అనే వెండి నాణెం బరువు ముప్పాతిక గ్రాము లోపే. బుగ్గన పెట్టుకుని సంతకు పోయి, బేరం కుదిరాక తీసి ఇచ్చేవాళ్ళు. అరిస్టోఫనీస్ అనే హాస్యరచయిత నాటకం ఒకదాంట్లో ఓ ముసలాయన కోర్టులో జ్యూరీ పని చేసి, మూడు ఓబోళ్ళు బుగ్గన పెట్టుకుని ఇంటికొస్తాడు. కూతురు కాళ్ళు కడిగి, "నాన్నా" అని గారాలు పోతూ ముద్దు పెట్టి, నాలుకతోనే ఆ డబ్బులు లాగేసుకుంటుంది.

ఏథెన్స్ ప్రజాస్వామ్యం అనగానే అందరూ అప్పటి నాయకుడు పెరిక్లీస్ ఉపన్యాసం దగ్గర మొదలుపెడతారు. నేను ఈ బుగ్గలో నాణేల దగ్గర మొదలుపెడతాను. కారణం ఉంది. ఈ మధ్య మిత్రుల మధ్య ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఒకే మాట వినబడుతోంది. "అప్పట్లో ఊరు చిన్నది కాబట్టి జనమంతా ఒకచోట చేరి చేతులెత్తి నిర్ణయాలు చేసుకున్నారు. తర్వాత దేశాలు పెద్దవయ్యాయి కాబట్టి ఎమ్మెల్యేలూ ఎంపీలూ కావాల్సొచ్చింది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. బిల్లు బిల్లుకీ మనమే ఓటేసుకోవచ్చు కదా!" వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇది సమస్యంతా దూరంలోనూ లెక్కింపులోనూ ఉందనుకునే ఆలోచన. ఏథెన్స్ వాళ్ళకు చేతులెత్తడం ఎప్పుడూ కష్టం కాలేదు. పొద్దున్నే పని మానుకుని వచ్చి, ఒక పూటంతా కూర్చుని, నచ్చనివాడి మాట కూడా విని, ఆ తర్వాత చెయ్యెత్తడం కష్టమైంది. రెక్కాడితే గానీ డొక్కాడనివాడికి ఆ పూట ఎవరివ్వాలి? ఆ ప్రశ్నకు వాళ్ళు చెప్పిన జవాబే మూడు ఓబోళ్ళు.

పౌరులంతా చేరే సభ జరిగే చోటు ప్నిక్స్ అనే కొండ వాలు, అక్రోపోలిస్‌కు పడమటి వైపు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏడాదికి 40 సభలు. ఏడాదిని పది భాగాలు చేసి, ఒక్కో భాగానికి నాలుగు చొప్పున. ఆ నాలుగింట్లో ఒకటి ముఖ్య సభ. అందులో అధికారులు సరిగ్గా పని చేస్తున్నారా అని చేతులెత్తి తేల్చేవాళ్ళు, ధాన్యం సరఫరా గురించీ దేశ రక్షణ గురించీ మాట్లాడేవాళ్ళు. తెల్లవారుతూనే పంది పిల్లను బలిచ్చి స్థలాన్ని శుద్ధి చేసేవాళ్ళు. జనాన్ని మోసం చెయ్యజూసేవాడిని శపించేవాళ్ళు. తర్వాత దండోరా వేసేవాడు "ఎవరు మాట్లాడతారు?" అని అడిగేవాడు. ఎజెండా మాత్రం గాలికి వదిలేసింది కాదు. చీటీ తీసి ఎంపిక చేసిన 500 మంది కౌన్సిల్ దాన్ని ముందే తయారు చేసేది. ఆ కౌన్సిల్‌లో ఎవరైనా జీవితంలో రెండుసార్లకు మించి కూర్చోకూడదు.

పౌరహక్కున్న మగవాళ్ళు ఆ శతాబ్దంలో సుమారు 30,000 మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. కొన్ని ముఖ్యమైన నిర్ణయాలకు 6,000 మంది హాజరు తప్పనిసరి. పౌరసత్వం ఇవ్వడం అలాంటిదే. అంటే అయిదింట ఒక వంతు వస్తే నిండు సభ. మరి మిగతావాళ్ళు? మారథాన్ కూడా ఏథెన్స్ కిందికొచ్చే ఊరే, నగరానికి 40 కిలోమీటర్లు. అక్కడి రైతు తెల్లారేసరికి కొండ మీదుండాలంటే ముందురోజే బయల్దేరాలి. సభ పూటే అనుకున్నా, పోనూ రానూ కలిపితే అతనికి రెండు మూడు రోజుల పని పోయినట్టే.

క్రీ.పూ. 425లో ఆడిన మరో అరిస్టోఫనీస్ నాటకం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. స్పార్టాతో యుద్ధం వల్ల పల్లె వదిలి నగరంలో తలదాచుకున్న రైతు దికయోపోలిస్. ముఖ్య సభ రోజు తెల్లారి వచ్చి కూర్చుంటే కొండంతా ఖాళీ. జనం కింద సంతలో కబుర్లాడుకుంటున్నారు. ఎర్ర రంగు పూసిన తాడు పట్టుకుని వాళ్ళను సభ వైపు తోలితే, బట్టలకు మరకలంటకుండా అటూ ఇటూ తప్పించుకు తిరుగుతున్నారు. సభ నడపాల్సిన పెద్దలూ రాలేదు. వస్తే ముందు బెంచీ కోసం తోసుకుంటారు. ఈయన ఒక్కడే ఆవలిస్తాడు, ఒళ్ళు విరుచుకుంటాడు, అపానవాయువు వదులుతాడు, వెంట్రుకలు పీక్కుంటాడు, అప్పుల లెక్క వేసుకుంటాడు, దూరంగా కనిపించే పొలాల వైపు చూసి తన పల్లెను తలుచుకుంటాడు. బొగ్గు కొను, నూనె కొను అన్న మాటే ఆ ఊళ్ళో లేదంటాడు.

నాటకం కాబట్టి కొంత ఎక్కువ చేసి చెప్పి ఉండొచ్చు. అయినా చూసేవాళ్ళు నవ్వారంటే అందులో వాళ్ళకు తెలిసిన సంగతి ఉండబట్టే. అప్పటికి జ్యూరీకి డబ్బు వస్తోంది. పెరిక్లీస్ మొదలుపెట్టాడు, క్లియోన్ అనే మరో నాయకుడు మూడు ఓబోళ్ళకు పెంచాడు. సభకు వచ్చేవాడికి మాత్రం ఏమీ లేదు.

ఆ డబ్బు స్పార్టా చేతిలో యుద్ధం ఓడిపోయాక వచ్చింది. క్రీ.పూ. 390ల్లో అగీరియోస్ అనే నాయకుడు సభకొచ్చినవాడికి ఒక ఓబోలు ఇప్పించాడు. హెరాక్లెయిదీస్ అనే ఆయన దాన్ని రెండు చేశాడు. మళ్ళీ అగీరియోసే మూడుకు పెంచాడు. ఏథెన్స్ రాజ్యాంగం గురించి అరిస్టాటిల్ పేరుతో దొరికిన పుస్తకం ఈ వరసంతా చెప్పి, కారణం కూడా దాచకుండా చెబుతుంది: జనం రావడం లేదు, నిర్వాహకులు ఎన్ని ఉపాయాలు పన్నినా కోరం నిండలేదు, అందుకని డబ్బు పెట్టారు.

ఫలితం వెంటనే కనబడింది. దాదాపు 391లో వచ్చిన అరిస్టోఫనీస్ నాటకంలో ఆడవాళ్ళు మొగుళ్ళ బట్టలు వేసుకుని, గడ్డాలు అంటించుకుని, చీకట్లోనే వెళ్ళి సభ నింపేస్తారు. ప్రభుత్వాన్ని ఆడవాళ్ళ చేతికి అప్పగిస్తూ తీర్మానం నెగ్గించుకుంటారు. ఇక్కడ ఇంట్లో బ్లెపిరోస్ అనే మొగుడు నిద్ర లేచేసరికి పైబట్టా లేదు, చెప్పులూ లేవు. పెళ్ళాం పసుపుపచ్చ గౌను చుట్టుకుని వీధిలో అవస్థ పడుతుంటాడు. సభ నుంచి తిరిగొస్తున్న క్రెమిస్ కనబడితే కాసేపటికే అడిగే ప్రశ్న "మూడు ఓబోళ్ళు వచ్చాయా?" అనే. రాలేదు. ఆలస్యంగా వెళ్ళాడు, కొండంతా జనం, ఎవరో చెప్పులు కుట్టేవాళ్ళలాగా తెల్లగా పాలిపోయిన మొహాలు. ఎండ తగలకుండా నీడపట్టున కూర్చుని పనిచేసే మొహాలన్నమాట. ఏ తీర్మానం జరిగిందన్న సంగతి తర్వాత. బ్లెపిరోస్ ఏడుపంతా పోయిన డబ్బు గురించే.

అదే నాటకంలో కోరస్ ఓ ఎత్తిపొడుపు పాట పాడుతుంది. పాత రోజుల్లో ఊరి పని చేసి డబ్బడిగే సాహసం ఎవరూ చెయ్యలేదట, ఇప్పుడు మట్టి మోసే కూలీల్లా మూడు ఓబోళ్ళ కోసం వస్తున్నారట. నాకు ఇందులో ఎత్తిపొడుపు కనబడదు, వర్ణన కనబడుతుంది. మట్టి మోసే కూలీలు నిజంగానే వచ్చారు! అది తిట్టు ఎందుకవ్వాలి? పదిహేనేళ్ళ ముందు అక్రోపోలిస్ మీద ఎరెక్థియోన్ గుడి కట్టినప్పటి ఖర్చుల లెక్కలు రాతి మీద చెక్కి దొరికాయి. పనివాడికి రోజుకు ఒక ద్రాక్మా, అంటే ఆరు ఓబోళ్ళు. సభ ఇచ్చింది అందులో సగం. దీనితో ఎవడూ బాగుపడిపోడు. పూట కూలి పోయినవాడికి ఆ పూట నష్టం పూడుతుంది, అంతే. తర్వాత ధరలూ కూలీలూ పెరిగాయి, సభ భత్యమూ పెరిగింది. 320లకు మామూలు సభకు ఒక ద్రాక్మా, ముఖ్య సభకు తొమ్మిది ఓబోళ్ళు.

పెద్దమనుషులు దీన్ని ఎంతగా అసహ్యించుకున్నారో చూస్తే దీని విలువ తెలుస్తుంది. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ అంటాడు: జీతం అలవాటు చేసి పెరిక్లీస్ ఏథెన్స్ జనాన్ని సోమరులుగా, పిరికివాళ్ళుగా, వాగుడుకాయలుగా, డబ్బాశపరులుగా చేశాడని చెప్పుకుంటారు అని. అరిస్టాటిల్ ఇంకాస్త నిదానంగా అసలు గుట్టు విప్పాడు. అన్నిట్లోకీ మంచి ప్రజాస్వామ్యం రైతులదట. ఎందుకంటే వాళ్ళకు పొలం పనుల్లో తీరిక ఉండదు, సభలకు మాటిమాటికీ రాలేరు! భత్యం బాగా ఇచ్చే చోట జనానికి తీరిక దొరికి, మాటిమాటికీ చేరి, అన్నీ తామే తేల్చేస్తారని ఆయన దిగులు. నచ్చని సంగతిని కూడా ఇంత సరిగ్గా పట్టుకున్నవాడు మరొకడు లేడు.

మాటలతో ఊరుకోలేదు కూడా. క్రీ.పూ. 411లో ధనికుల ముఠా ఒకటి ప్రజాస్వామ్యాన్ని కూలదోసింది. సభను ప్నిక్స్ మీద కాకుండా నగరం బయట కొలోనోస్‌లో పెట్టి తీర్మానాలు చేయించుకుంది. ముందుగా ఏం చేసిందనుకున్నారు? యుద్ధంలో ఉన్నవాళ్ళకూ కొద్దిమంది అధికారులకూ తప్ప ప్రభుత్వ పనికి ఎవరికీ జీతం లేదంది. పౌరహక్కులు 5,000 మందికే అంది. ఓటు తీసెయ్యడమూ భత్యం తీసెయ్యడమూ ఒకే కాగితం మీద వచ్చాయి. నాలుగు నెలలు తిరక్కుండా వీళ్ళు పడిపోయి కాస్త మెతక ప్రభుత్వం వచ్చినప్పుడు కూడా, జీతం ముట్టుకున్నవాడికి శాపం తగులుతుందని మళ్ళీ తీర్మానించారు.

ఆ ఏడాది జరిగిన ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. ఏథెన్స్ నావికాదళం అప్పుడు సామోస్ దీవిలో ఉంది. ఒక్కో యుద్ధనౌకకు 170 మంది తెడ్డు వేసేవాళ్ళు, అందులో చాలామంది భూమీ పుట్రా లేనివాళ్ళు. నగరంలో ప్రజాస్వామ్యం పోయిందన్న కబురు తెలిసి వాళ్ళు అక్కడే, ఆ దీవిలోనే, సభ పెట్టుకున్నారు. అనుమానం ఉన్న సేనానులను తీసేసి థ్రాసిబులోస్, థ్రాసిలోస్ మొదలైనవాళ్ళను ఎన్నుకున్నారు. "మనం నగరం మీద తిరగబడలేదు, నగరమే మన మీద తిరగబడింది, వాళ్ళు తక్కువమంది, మనం ఎక్కువమంది" అన్న ధోరణిలో ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారని చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. కొండా లేదు, కోటా లేదు. తెడ్డు వేసేవాళ్ళు పగలల్లా ఒకచోట ఉన్నారు, అదీ జీతం మీద. సభకు కావాల్సిన సరుకు అంతే.

403లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చినప్పుడు ఫోర్మిసియోస్ అనేవాడు భూమి ఉన్నవాడికే పౌరహక్కు ఇద్దామన్నాడు. అది నెగ్గితే 5,000 మందికి హక్కు పోయేది. నెగ్గలేదు. 322లో మాసిడోనియా సేనాని ఆంటిపేటర్ గెలిచి వచ్చాక మాత్రం అడిగే దిక్కు లేకపోయింది. 2,000 ద్రాక్మాల ఆస్తి ఉన్నవాడికే హక్కు అన్నాడు. జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ లెక్క ప్రకారం 12,000 మందికి పైగా ఒక్క దెబ్బతో బయటికి పోయారు.

ఇక ఈ డబ్బంతా ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇది అడక్కుండా ఏథెన్స్‌ను పొగిడేవాళ్ళంటే నాకు చిరాకు. మిత్రరాజ్యాల మీద వసూలు చేసిన కప్పంతోనే ఇదంతా నడిచిందని ఒక వాదం ఉంది. జ్యూరీ జీతాల విషయంలో ఎంతోకొంత నిజమేమో గానీ, సభ భత్యం మొదలయ్యేసరికి ఆ సామ్రాజ్యం పోయింది. కప్పం ఆగిపోయిన పదేళ్ళకు, ఖజానా బోసిపోయి ఉన్నప్పుడు వాళ్ళు ఈ ఖర్చు నెత్తినేసుకున్నారు. 6,000 మందికి మూడేసి ఓబోళ్ళంటే సభకు అర టాలెంట్, అంటే 3,000 ద్రాక్మాలు. మనిషికి రోజుకు ద్రాక్మా చొప్పున 200 మంది ఉన్న ఒక యుద్ధనౌకను పదిహేను రోజులు నడిపినంత. భరించలేని ఖర్చేమీ కాదు.

కప్పం సంగతి అలా తేలినా బానిసల సంగతి తేలదు. నికియాస్ అనే సేనాని తన 1,000 మంది బానిసలను లారియోన్ వెండి గనులకు అద్దెకిచ్చాడని అప్పటి రచయిత జెనఫోన్ రాశాడు. తలకు రోజుకు ఒక ఓబోలు చొప్పున. అగీరియోస్ మొదట సభికుడికి ఇప్పించింది కూడా ఒక ఓబోలే. కొండ మీద పౌరుడి పూటకు కట్టిన ధరా, గనిలో బానిస రోజుకు యజమానికి ముట్టిన అద్దే ఒకే నాణెం. ఆ నాణెంలోని వెండి కూడా చాలావరకు ఆ గనులదే. ఇక ఆడవాళ్ళు. మొగుడు కొండ మీద ఉన్న పూట ఇంటి పనీ పిల్లల పనీ ఎవరిదో వేరే చెప్పాలా? వాళ్ళ పూటకు ఓబోలు కాదు కదా, లెక్కే లేదు. వాళ్ళు సభకు వెళ్ళడమన్నది నాటకంలో నవ్వు పుట్టించడానికి తప్ప ఎవరి ఊహకూ రాలేదు. అందుకే ఏథెన్స్‌ను నమూనాగా నెత్తిన పెట్టుకోవడం నా వల్ల కాదు. పేదవాడికి తీరిక ఊరికే రాదు, ఎవరో ఒకరు దాని ఖర్చు భరించాలి అని వాళ్ళకు తెలుసు. భరించేవాళ్ళు ఎవరన్న చోట వాళ్ళు ఘోరంగా తప్పారు.

"కూలికొచ్చిన గుంపుకు తెలివేముంటుంది?" అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు చూపే ఉదాహరణ ఎప్పుడూ ఒకటే, 406 నాటి అర్గినూసే. సముద్రయుద్ధం గెలిచారు, కానీ తుపానులో మునిగిపోతున్న తమవాళ్ళను కాపాడలేదని సేనానులందరినీ కలిపి ఒకే ఓటుతో దోషులుగా తేల్చారు. అందుబాటులో ఉన్న ఆరుగురిని చంపేశారు. ఇలా కలిపి తీర్పు చెప్పడం చట్టవిరుద్ధమని ఆ రోజు సభాపతుల్లో ఒప్పుకోనివాడు సోక్రటీస్. ఘోరమే. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆ రోజుకు సభకు భత్యం లేదు. ఆ తప్పు ఉచితంగా వచ్చినవాళ్ళు చేసింది.

అందులో నన్ను ఆపేసే వివరం ఇంకొకటి. అంతకుముందు జరిగిన సభలో సేనానులు తమ మాట చెప్పుకున్నారు, జనం మెత్తబడుతున్నారు. ఈలోపు పొద్దుగూకి, ఎత్తిన చేతులు కనబడవని వాయిదా వేశారు. మధ్యలో పండగ వచ్చింది, చనిపోయినవాళ్ళ బంధువులు నల్లబట్టల్లో కనబడ్డారు, మళ్ళీ చేరేసరికి గాలి మారిపోయింది. 427లో మిటిలీనీ విషయంలో దీనికి తిరగేసి జరిగింది. తిరుగుబాటు చేసిన ఆ నగరంలో పెద్ద మగవాళ్ళందరినీ చంపాలని ఒకరోజు తీర్మానించి ఓడను పంపారు. మర్నాడు మనసొప్పక మళ్ళీ సభ పెట్టి, బొటాబొటీ మెజారిటీతో రద్దు చేసుకున్నారు. రెండో ఓడ బయల్దేరింది. తెడ్డు వేసేవాళ్ళు ద్రాక్షసారాయిలోనూ నూనెలోనూ కలిపిన బార్లీ పిండి తింటూ, వంతులవారీగా నిద్రపోతూ, ఆపకుండా వేసుకుంటూ పోయి, మొదటి ఉత్తర్వు అందిన కాసేపటికే చేరుకున్నారు. ఊరు బతికింది. తిరుగుబాటు నాయకులని వెయ్యిమందికి పైగా ప్రాణాలు మాత్రం పోయాయి. రెండు చోట్లా జనం వాళ్ళే, కొండ అదే. ఒకచోట ఇంకో రోజు దొరికింది, ఇంకోచోట ఉన్న పూట చాల్లేదు. ఫోన్‌లో ఓటు ఈ రెంటిలో దేన్ని బాగుచేస్తుందో నాకు చెప్పండి. మొదటిరోజు మిటిలీనీ తీర్మానాన్ని ఇంకా త్వరగా పంపుతుంది, అంతే కదా?

ఏథెన్స్ ఒక్కటే కాదు. ఇప్పటి టర్కీ తీరంలో ఇయాసోస్ అనే చిన్న గ్రీకు నగరంలో సభ భత్యం గురించిన ఉత్తర్వు రాతి మీద దొరికింది. ఆలస్యంగా వచ్చి డబ్బడిగేవాళ్ళ గొడవ అక్కడా ఉన్నట్టుంది. చిక్కుడు గింజంత రంధ్రం ఉన్న పాత్రలో నీళ్ళు నింపి, సూర్యోదయానికి వదలాలట. నీళ్ళు అయిపోయేలోపు వచ్చి, తన పేరున్న బిళ్ళను పెట్టెలో వేసినవాడికే డబ్బు. హాజరు పట్టీని ఇంత శ్రద్ధగా ఆలోచించిన ప్రభుత్వాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఇదే ఊరి గురించి స్ట్రాబో అనే ప్రాచీన భూగోళకారుడు ఒక కథ చెప్పాడు. ఒక విద్వాంసుడు వీణ లాంటి వాద్యం వాయిస్తుండగా చేపల అమ్మకం మొదలైందని గంట మోగిందట. ఒక్క చెవిటివాడు తప్ప అందరూ లేచిపోయారు. "మీరొక్కరే నా సంగీతాన్ని గౌరవించారు, గంట మోగినా కదల్లేదు" అని విద్వాంసుడు దణ్ణం పెడితే, "ఏంటీ, గంట మోగిందా?" అని ఆయనా లేచి పోయాడు. చేపల గంటతో పోటీ పడాల్సిన ఊళ్ళో సభకు డబ్బివ్వక ఏం చేస్తారు!

మన దగ్గర ప్నిక్స్ లాంటిది కాగితం మీద ఉంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ప్రతినిధులు కాదు, స్వయంగా. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఓ జనవరి 26న జెండా ఎగరేశాక గ్రామసభ అన్నారు. కుర్చీల్లో ఉన్నది ముప్ఫై మంది లోపే. సర్పంచ్ మనుషులు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు, పింఛను గురించి అడగడానికొచ్చిన ముసలివాళ్ళు. మిగతా ఊరంతా మిరపకాయలు ఏరడానికి తోటల్లో ఉంది. సాయంత్రం సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరిగింది. ఎందుకు రాలేదని పక్కింటి పెద్దమ్మను అడిగితే, "సభకు పోతే కూలి ఎవరిస్తరు బిడ్డా?" అంది. అగీరియోస్ పేరు ఆమెకు తెలియదు, కానీ ఆయన్ను కదిలించిన ప్రశ్న ఇదే.

పోలింగ్ రోజు జీతం కోయకుండా సెలవివ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది. దినకూలీలకు కూడా వర్తిస్తుంది. అమలు మాటెలా ఉన్నా, చట్టంలో ఉంది. అంటే ప్రతినిధిని ఎన్నుకోవడానికి పట్టే పది నిమిషాలకు కూలి పోకూడదని ఒప్పుకున్నాం. ప్రతినిధి లేకుండా స్వయంగా కూర్చుని తేల్చుకునే పూటకు మాత్రం ఆ ఊసు లేదు. గ్రామసభలకు జనం రారని, వాళ్ళకు చైతన్యం లేదని వ్యాసాలు రాసేవాళ్ళు ముందు ఆ పూట కూలి ఎంతో కనుక్కుని రాస్తే బాగుండు.

అరిస్టాటిల్ దగ్గరే ఒక సలహా ఉంది. ధనికుల రాజ్యాల్లో సభకు రాని ధనికుడికి జరిమానా వేస్తారు, పేదవాడికి భత్యం ఇవ్వరు. ప్రజాస్వామ్యాల్లో పేదవాడికి భత్యం ఇస్తారు, ధనికుడికి జరిమానా వెయ్యరు. రెండూ కలిపితే అందరూ వస్తారు కదా అంటాడు. జరిమానా సగం నేను అడగను. అది మన ఊళ్ళలో ఎవరి మీద పడుతుందో ఊహించగలను. భత్యం సగం మాత్రం కావాలి. ఉపాధి హామీ పనికి ఇచ్చే కూలిలో సగం, గ్రామసభలో చివరిదాకా కూర్చున్న ప్రతి ఒక్కరికీ, ఆడా మగా తేడా లేకుండా, అదే రోజు చేతికి ఇవ్వాలి. డబ్బు కోసమే వస్తారంటారా? రానివ్వండి. ఎమ్మెల్యేలకు జీతం లేదా, సభకు హాజరైన రోజుకు ఎంపీలకు భత్యం లేదా?